గుడ్డ మీద చిరుతపులి: రంగు, కుట్టు మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

- కోరా గుడ్డను వేడినీళ్లలో ఉతికి ఆరబెట్టండి. గంజి మిగిలితే రంగు ఇంకదు, తర్వాత పొరలుగా లేస్తుంది.
- ఫ్రేమ్ కోసం చుట్టూ 3 అంగుళాలు వదలండి.
- అక్రిలిక్ రంగు 2 పాళ్లకు ఫ్యాబ్రిక్ మీడియం (రంగు గుడ్డకు మెత్తగా పట్టేలా కలిపే ద్రవం) 1 పాలు. పలుచగా పూయండి, మందమైతే సూది దిగదు, దిగినా చిల్లు కనబడుతుంది.
- మచ్చలు ముందు కాగితం మీద గీసుకోండి. చిరుత ఒంటి మీదవి తెగిన వలయాలు, లోపలి రంగు బయటికన్నా కాస్త ముదురు. వలయం మధ్యలో చుక్కలు పెట్టారో, అది అమెరికా జాగ్వార్ అయిపోతుంది! తల, కాళ్ల మీద మాత్రం నిండు మచ్చలే.
- రంగు 24 గంటలు ఆరాక, వెనకవైపు నుంచి ఆవిరి లేకుండా ఇస్త్రీ. చమ్కీలు, ప్లాస్టిక్ పూసలు ఆ తర్వాతే, వేడికి కరుగుతాయి.
- కుట్టు వెంట్రుకల వాలునే పోవాలి: ముక్కు నుంచి వెనక్కి.