తక్కువ బడ్జెట్‌లో రోడ్ బైక్: పాతదా, కొత్తదా ఎలా తేల్చుకోవాలి?

కిందికి వంపు తిరిగిన హ్యాండిలూ సన్నని టైర్లూ ఉండి, తారు రోడ్డు మీద ఎక్కువ దూరం తొక్కడానికి తయారైన సైకిల్ రోడ్ బైక్. 30,000 నుంచి 50,000 రూపాయల లోపు దీన్ని కొనాలనుకునేవారి ముందు రెండు దారులుంటాయి. ఆ డబ్బుకు ప్రారంభ స్థాయి కొత్త సైకిల్ తీసుకోవచ్చు, లేదా ఎవరో వాడిన పైస్థాయి సైకిల్ తీసుకోవచ్చు. అమ్మేవారు చెప్పే ధరలను మాత్రమే పోల్చి చూస్తే పాతదే లాభంగా కనిపిస్తుంది. అయితే సైకిల్ మీ శరీరానికి సరిపోయి, భద్రంగా రోడ్డెక్కే నాటికి మొత్తం ఎంత ఖర్చయిందో లెక్కవేస్తేనే అసలు పోలిక తేలుతుంది. ఆ లెక్క వేసుకునే పద్ధతిని కింద వరుసగా వివరిస్తున్నాను.

మొదటి అడుగు: మీ కొలత తెలుసుకోండి

సైజు సరిపోని సైకిల్ ఎంత చవకగా వచ్చినా వద్దు. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, కాళ్ల మధ్య ఒక గట్టి అట్ట పుస్తకాన్ని సీటు తగిలినంత గట్టిగా పైకి నొక్కి పట్టుకుని, నేల నుంచి దాని పై అంచు వరకు కొలవండి. ఆ కొలతను 0.67తో గుణిస్తే, పై గొట్టం నేలకు సమాంతరంగా ఉండే పాతకాలపు ఫ్రేముల్లో మీకు సరిపోయే సైజు సుమారుగా తెలుస్తుంది. ఉదాహరణకు 78 సెంటీమీటర్లు వస్తే 52 సైజు దగ్గర వెతకాలి. పై గొట్టం వెనక్కి వాలి ఉండే ఇప్పటి ఫ్రేములకు ఈ లెక్క నేరుగా సరిపోదు కనుక, ఆయా కంపెనీ ఇచ్చిన సైజు పట్టికను చూడడమే మేలు. ఒక సైజు తేడాను హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే స్టెమ్ మార్చి కొంతవరకు సర్దుకోవచ్చు గానీ, రెండు సైజుల తేడా ఉంటే మెడ, నడుము, మోకాళ్ల నొప్పులు తప్పవు. కొత్త సైకిల్‌కు ఉన్న అతి పెద్ద అనుకూలత ఇదే: దుకాణంలో రెండు మూడు సైజులు ఎక్కి చూసి ఎంచుకోవచ్చు. పాతదానిలో దొరికిన సైజే దక్కుతుంది.

రెండో అడుగు: సామగ్రికి డబ్బు విడిగా తీయండి

హెల్మెట్, ముందు వెనక లైట్లు, గాలి పంపు, అదనపు ట్యూబు, తాళం కొనడానికి కావలసిన మొత్తాన్ని బడ్జెట్ నుంచి ముందే పక్కన పెట్టి, మిగిలినదాన్నే సైకిల్ ధరగా భావించండి. పాత సైకిల్‌తో ఇవి ఉచితంగా వస్తే మంచిదే. హెల్మెట్‌ను మాత్రం లెక్కలోకి తీసుకోకండి; ఎన్ని దెబ్బలు తిన్నదో తెలియని హెల్మెట్ తలకు రక్షణ కాదు.

మూడో అడుగు: పైస్థాయి గేర్లు మీకు నిజంగా అవసరమా?

షిమానో కంపెనీ గేరు సెట్లలో, కింది స్థాయి నుంచి పైకి చూస్తే, క్లారిస్‌కు వెనక 8, సోరాకు 9, టియాగ్రాకు 10 పళ్లచక్రాలుంటాయి. వీటికి పైదైన 105 అనే సెట్‌లో పాతవాటికి 11, ఇటీవలివాటికి 12 ఉంటాయి. కొత్తదైతే క్లారిస్‌తో సరిపెట్టుకోవాల్సిన డబ్బుకు పాతదైతే 105 వస్తుందన్న ఆశే చాలామందిని పాత సైకిళ్ల వైపు లాగుతుంది. కానీ 200 కిలోమీటర్ల బ్రెవేను, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్రను, పూర్తి చేయడానికి ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు, అంటే గంటకు 15 కిలోమీటర్ల లోపు సగటు. మంచి స్థితిలో ఉన్న క్లారిస్ సైకిల్ దానికి బాగా సరిపోతుంది. పైగా, వాడిన కొద్దీ సైకిల్ ధర తగ్గుతుంది గానీ దాని విడిభాగాల ధర తగ్గదు. 105 సైకిల్‌ను ఎంత చవకగా కొన్నా, అరిగిన క్యాసెట్ (వెనక పళ్లచక్రాల సెట్టు) మార్చాల్సి వస్తే 105 ధరే చెల్లించాలి.

మన రోడ్లకు గేర్ల కంటే టైరు వెడల్పే ముఖ్యమని నా అభిప్రాయం. పాత రేసింగ్ ఫ్రేముల్లో చాలావాటికి 25 మిల్లీమీటర్లకు మించిన టైరు పట్టదు. వానాకాలపు గుంతలూ, వరుస స్పీడ్ బ్రేకర్లూ ఉన్న దారుల్లో 28 లేదా 32 మిల్లీమీటర్ల టైరు ఇచ్చే నిలకడ వేరు. ఎంతవరకు పడుతుందో అడిగి తెలుసుకోండి.

నాలుగో అడుగు: పాత సైకిల్‌ను పగటి వెలుగులో పరీక్షించండి

ముందుగా ఫ్రేమ్ చూడండి, ఎందుకంటే మిగతావన్నీ మార్చగలం గానీ ఇది పోతే సైకిలే పోయినట్లు. హ్యాండిల్ కింద ముందు గొట్టంతో మిగతా గొట్టాలు కలిసేచోట వెనకవైపు పెయింటు ముడతలు పడి ఉంటే, సైకిల్ ఎదురుగా దేనినో గుద్దుకుందని అనుమానించాలి. పెడళ్ల ఇరుసు చుట్టూ, వెల్డింగు అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగుళ్ల కోసం గుడ్డతో తుడిచి మరీ వెతకండి. కార్బన్ ఫ్రేమ్ అయితే నాణెంతో మెల్లగా తడుతూ వెళ్లండి. ఒక్కచోట మాత్రం శబ్దం మందంగా మారితే లోపల దెబ్బ ఉండవచ్చు. కార్బన్‌ను పరీక్షించగల మనిషి వెంట లేనప్పుడు ఈ బడ్జెట్‌లో పాత కార్బన్ ఫ్రేమ్ జోలికి వెళ్లవద్దనే చెబుతాను.

సీటు రాడ్డు బిగుసుకుపోకుండా పైకీ కిందికీ కదులుతోందో లేదో చూడండి. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో తిరిగిన సైకిల్ అయితే ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టాయేమో గమనించండి. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలిపి తొక్కే స్టాండు) మీద బిగించి తొక్కినదైతే చెమట హ్యాండిల్ టేపు కిందికి దిగి లోహాన్ని తింటుంది, కనుక టేపు కొంచెం విప్పి చూపించమని అడగడంలో తప్పు లేదు.

తర్వాత గొలుసు. సాగని గొలుసులో 12 పూర్తి లింకులు పిన్ను నుంచి పిన్నుకు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువైతే గొలుసు మార్చాలి. ఎనిమిదో వంతు ఎక్కువైతే క్యాసెట్ కూడా అరిగిపోయి ఉంటుందని లెక్కలో రాసుకోండి.

ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కీ ఊపితే హ్యాండిల్ దగ్గర టకటకమంటే అక్కడి బేరింగులు వదులయ్యాయన్నమాట. పెడల్ చేతులను పక్కలకు నెట్టి ఇరుసు వదులునూ, చక్రాలు తిప్పి అవుట్‌నూ (పక్కలకు ఊగుతున్నాయేమో) చూడండి. రిమ్ బ్రేకులున్న సైకిల్‌లో బ్రేకు రాసుకునే రిమ్ అంచు లోపలికి గుంత పడి ఉంటే ఆ చక్రం ఆయుష్షు తీరినట్లే. చివరగా, బ్రేకూ గేరూ కలిసి ఉండే లివర్లతో ప్రతి గేరూ వేసి చూడండి. లోపలి గ్రీజు గట్టిపడి గేరు పట్టకపోతే కొన్నిసార్లు శుభ్రం చేస్తే బాగవుతుంది, లేదంటే కొత్త లివర్లకు పెద్ద మొత్తమే అవుతుంది.

తొక్కి చూడడం కూడా రెండు చోట్ల జరగాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ లాంటి నున్నటి దారిలో లోపాలు బయటపడవు. కాలనీ రోడ్డు గతుకుల్లోనూ, చిన్న ఎత్తులోనూ నడిపితేనే వదులు భాగాలు శబ్దం చేస్తాయి.

ఐదో అడుగు: కాగితాలు చూసి బేరమాడండి

పెడళ్ల ఇరుసు కింద ఉండే ఫ్రేమ్ నంబరును బిల్లుతో పోల్చండి. బిల్లు లేకపోతే అమ్మేవారి గుర్తింపు కాపీతో చిన్న రాతపత్రమైనా తీసుకోండి. దొంగ సొత్తని తెలిసి కొనడం నేరం. ఫ్రేమ్ మీద కంపెనీ ఇచ్చే దీర్ఘకాల వారంటీ సాధారణంగా మొదటి యజమానికే పరిమితమని మరువకండి. పాత బిల్లులోని ధరను బేరానికి ఆధారం చేయనివ్వకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అందువల్ల అదే స్థాయి సైకిల్ ఈ రోజు కొత్తగా ఎంతకు వస్తుందో దుకాణంలో కనుక్కుని అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఆరో అడుగు: లెక్క వేసి నిర్ణయించండి

అమ్మేవారి ధరకు మార్చాల్సిన భాగాలు, మెకానిక్ కూలి, పూర్తి సర్వీసు కలపండి. ఆ మొత్తం అదే స్థాయి కొత్తదాని ధరలో మూడింట రెండు వంతులు దాటితే కొత్తదే తీసుకోవాలన్నది నేను పాటించే నియమం. ఇది మొదటి రోడ్ బైకై, సైజు గురించి సందేహం ఉండి, దగ్గరలో రోడ్ బైకులు తెలిసిన మెకానిక్ లేనివారు కొత్తదానికే వెళ్లాలి. తమ సైజు కచ్చితంగా తెలిసినవారికి, పరీక్షించే మనిషి తోడున్నవారికి పాతదే మంచి ఎంపిక. లాక్‌డౌన్ రోజుల్లో ఉత్సాహంగా కొని, తర్వాత బాల్కనీలో వదిలేసిన సైకిల్ మీ సైజులో దొరికితే ఆలస్యం చేయకండి, అయితే నిలవ ఉండి పగిలిన టైర్ల ఖర్చును మాత్రం కలుపుకోండి.

కొత్తది కొంటే, కేబుళ్లు సాగి గేర్లు తప్పడం మొదటి వారాల్లో సహజం కనుక ఉచిత సర్వీసును వదులుకోకండి. పాతది కొంటే, బ్రేకు షూలు, కేబుళ్లు, అవసరమైతే గొలుసు మార్పించాకే మొదటి దూరప్రయాణానికి బయలుదేరండి.