ఒరలో బిగుసుకుపోయిన జపాన్ పెరేడ్ కత్తి: నా అనుభవం

1934లో ‘షిన్‌గుంతో’ అనే కొత్త నమూనా సైనిక కత్తి రాకముందు జపాన్ సైనికాధికారులు ధరించిన ‘క్యూగుంతో’ (పాత నమూనా సైనిక కత్తి) కోవకు చెందిన తేలికపాటి, పదును లేని పెరేడ్ కత్తి నా దగ్గర ఉంది. పిడి వెన్నున సకురా (చెర్రీ) పూలున్న ఆ కత్తి ఇనుప ఒరలోంచి వెంట్రుకవాసి కూడా కదలలేదు. బలంగా లాగడం, ఒరను తట్టడం, కొబ్బరినూనె పూయడం, అన్నీ వృథా అయ్యాయి.

చివరికి కత్తిని పిడి పైకి ఉండేలా నిలబెట్టి, ఒర మూతి చుట్టూ తుప్పు వదిలించే పలుచని నూనె నాలుగైదు చుక్కలు వేసి, రాత్రంతా వదిలేశాను. మర్నాడు హెయిర్ డ్రయ్యర్‌తో మూతిని చేతికి గోరువెచ్చగా తగిలేంత వరకే వేడిచేసి, అసలు కీలకమైన పని, అంటే ఒర మూతిలో ఉండే లోహపు పట్టీని బిగించి ఉంచే చిన్న మరను (స్క్రూను) విప్పడం, అప్పుడు చేశాను. మెలితిప్పకుండా నిటారుగా లాగితే కత్తితోపాటు పట్టీ కూడా ఊడివచ్చింది; దాని లోపలి స్ప్రింగు రేకుల మధ్య పాత గ్రీజు పసుపుపచ్చని మైనంలా గట్టిపడి ఉంది. ఆ గ్రీజును వెదురుపుల్లతో గీకాక పట్టీ కత్తి మీంచి జారి వచ్చేసింది. నికెల్ పూత పోతుందని గరుకు కాగితం తాకించలేదు.

ఇది ఒక్క కత్తి మీది అనుభవమే. తుప్పే పట్టేసి ఉంటే ఫలించకపోవచ్చు. లోపల చెక్క ఉన్న ఒరలో, ముఖ్యంగా చేత్తో సాగగొట్టిన అసలు కత్తి ఉంటే, నూనె అస్సలు పోయకండి.