క్లాడింగ్ ఖరారయ్యాక చివర్లో మార్చకండి: ఎలివేషన్ పనికి ముందు జాగ్రత్తలు

2024 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వాలెన్సియాలో ఓ అపార్ట్‌మెంట్‌కు మంటలు అంటుకుని, చూస్తుండగానే బయటి గోడ మొత్తానికి పాకేశాయి. పది మంది చనిపోయారు. అంతకుముందు 2017 జూన్‌లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది. అక్కడ నిప్పు పుట్టింది నాలుగో అంతస్తులో, ఓ ఫ్రిజ్ దగ్గర. దాన్ని 24 అంతస్తుల బిల్డింగ్ పైదాకా ఎక్కించింది మాత్రం గోడ బయట తొడుగులా బిగించిన క్లాడింగే.

గ్లాసా, రాయా, ఏసీపీ షీటా (రెండు అల్యూమినియం రేకుల మధ్య వేరే పదార్థం పెట్టిన షీటు), ఏ రంగు బాగుంటుంది అనేవి మీ ఆర్కిటెక్ట్‌తో తేల్చుకోండి. బిల్డింగులను నిలువునా ముంచే తప్పు ఎంపికలో కంటే, ఎంపిక అయిపోయాక జరుగుతుంది. గ్రెన్‌ఫెల్‌కు ముందు అనుకున్నది జింక్ ప్యానెల్. ఖర్చు తగ్గుతుందని మధ్యలో పాలిథిలిన్ ప్లాస్టిక్ కోర్ ఉన్న అల్యూమినియం షీటుకు మారారు. దాదాపు ప్రతి పనిలోనూ ఈ ఘడియ వస్తుంది. డ్రాయింగులు పూర్తయ్యాయి, బడ్జెట్ దాటింది, గడువు నెత్తి మీద ఉంది. అప్పుడు కాంట్రాక్టర్ ఓ శాంపిల్ ముక్క పట్టుకొచ్చి "సేమ్ క్వాలిటీ సార్, రేటే తక్కువ" అంటాడు. మీరూ టెన్షన్‌లో ఉంటారు కాబట్టి సరే అనేస్తారు. అనకండి.

ఎందుకంటే బ్రిటన్‌వాళ్ల బీఎస్ 8414, అమెరికావాళ్ల ఎన్‌ఎఫ్‌పీఏ 285 లాంటి పెద్ద ఫైర్ టెస్టుల్లో షీటును ఒక్కదాన్నే కాల్చి చూడరు. షీటు, వెనక ఇన్సులేషన్, మధ్య ఖాళీ, ఫ్రేమ్, మంటను ఆపే అడ్డుపట్టీలు అన్నీ కలిపి గోడలా కట్టి నిప్పు పెడతారు. అందులో ఒక్కటి మార్చినా ఆ రిపోర్టు మీ గోడది కాదు. షీటు సర్టిఫికెట్ ఒకరిదీ, ఇన్సులేషన్ సర్టిఫికెట్ ఇంకొకరిదీ తెచ్చి ఫైల్లో పెడితే గోడ పాసైనట్టు కాదు.

ఏసీపీలో మోసపోవడం మరీ తేలిక. మామూలుగా వాడే 4 ఎంఎం షీటులో అటూ ఇటూ అర ఎంఎం అల్యూమినియం, మధ్యలో 3 ఎంఎం కోర్. ఆ కోర్ ఉత్త ప్లాస్టిక్ అయినా, ఎక్కువ భాగం ఖనిజ పొడి ఉండి దాదాపు మండని ఏ2 రకమైనా బయటికి ఒకేలా మెరుస్తాయి. అంచు చూసి రంగును బట్టి చెప్పేస్తామనేవాళ్లను నమ్మకండి. సేల్స్ కుర్రాడు షీటు ముఖం మీద లైటర్ వెలిగించి "చూడండి, అంటుకోలేదు" అంటాడు. అక్కడ ఉన్నది అల్యూమినియం, ఎందుకు అంటుకుంటుంది? మంట పట్టేది కోసిన అంచు దగ్గర. అక్కడ కరిగి, మండుతూ చుక్కలు కారితే వెంటనే వెనక్కి పంపండి. కారకపోయినా పాసైనట్టు కాదు, కోర్‌ను ల్యాబ్‌కు పంపాల్సిందే. ఎఫ్‌ఆర్ (ఫైర్ రిటార్డెంట్) అని రాసి ఉంటే అంటుకోదని కాదు, అంత తేలిగ్గా అంటుకోదని మాత్రమే. ఎత్తయిన బిల్డింగ్‌కు నేనైతే ఏ2కు తగ్గను.

షీటు వెనక ఖాళీ మంటకు పొగగొట్టంలా పనిచేస్తుంది. అడ్డుపట్టీలు ప్రతి అంతస్తు దగ్గరా, కిటికీల చుట్టూ ఉండాలి. గ్లాస్ కర్టెన్ వాల్ (బయటి వైపంతా గ్లాసే) అయితే స్లాబ్ అంచుకూ గ్లాసుకూ మధ్య సందును రాక్‌వూల్‌తో (మండని రాతి ఉన్ని), ఫైర్ సీలెంట్‌తో గట్టిగా మూయించండి. షీట్లు బిగించేశాక ఇవేవీ కనపడవు, కాబట్టి మూయకముందే ప్రతి అంతస్తుకూ ఫొటోలు తీయించండి.

టఫెన్డ్ గ్లాస్ ఒక్కోసారి ఏ దెబ్బా తగలకుండానే పగులుతుంది. లోపల చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ రేణువు దానికి కారణం. హీట్ సోక్ టెస్ట్ (ముందే వేడి చేసి, అలా పగిలేవాటిని ఏరేయడం) చేయించిన గ్లాసే తీసుకోండి, మనుషులు నడిచే చోట పైన, పగిలినా ముక్కలు ఊడిపడని లామినేటెడ్ గ్లాసు పెట్టండి. రాతి పలకలను ఎత్తులో సిమెంటుతో అతికించొద్దు. స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులు, సముద్రం దగ్గరైతే తుప్పును ఎక్కువ తట్టుకునే 316 గ్రేడు.

ఇక మిగతావి:

అల్యూమినియం షీటు మూడు మీటర్లుంటే, 50 డిగ్రీల తేడాకు దాదాపు మూడున్నర ఎంఎం సాగుతుంది. జాయింట్లో చోటు వదలండి.
అల్యూమినియం, స్టీలు నేరుగా తాకొద్దు. మధ్యలో నైలాన్ వాషర్.
షీటు ఫిల్మ్ మీద బాణం గుర్తులన్నీ ఒకే వైపు. లేదంటే ఒకే రంగు రెండు రంగుల్లా కనపడుతుంది.
బిగించాక ఆ ఫిల్మ్‌ను ఎండకు వదిలేయకండి, అతుక్కుపోతుంది.
నీళ్లు బయటికి పోయే రంధ్రాలను సిలికాన్‌తో మూయనివ్వొద్దు. మేస్త్రీలు మూసేస్తారు, చూసుకోండి.
మాకప్ (నమూనా గోడ) కట్టి, నీళ్లు కొట్టి, కారలేదని తేలాకే ఆర్డర్.
గ్లాసు తుడవడానికి మనిషి ఎలా దిగుతాడో డ్రాయింగ్‌లో చూపించమనండి.
వెల్డింగ్ జరిగే చోట ఇన్సులేషన్ కట్టలు పేర్చొద్దు.
షీటు మార్చొద్దు. ఇన్సులేషన్ మార్చొద్దు. సీలెంట్ బ్రాండూ మార్చొద్దు. మార్చక తప్పకపోతే కొత్త టెస్ట్ రిపోర్టు, ఫైర్ ఇంజినీర్ సంతకం.
ఫోన్లో ఓకే చెప్పొద్దు.
సైటుకు దిగిన ప్రతి లోడు నుంచీ ఒక షీటు అంచు కోయించి, బ్యాచ్ నంబర్ రాసి దాచండి. ఆ ముక్క రాకపోతే బిల్లు పాస్ చేయకండి.