పాత పోస్టుకార్డులు చదువుదాం – 4వ పాఠం: ముందు వెనక్కి తిప్పండి

కార్డులను పాలిప్రొపిలీన్ కవర్లలో పెట్టడం, పీవీసీ కవర్ల జోలికి పోకపోవడం, సెల్లోటేపు, ఫెవికాల్ దగ్గరికి రానివ్వకపోవడం పోయిన పాఠంలో అయిపోయాయి. కార్డు భద్రంగా ఉంది కాబట్టి ఇప్పుడు దాని వయసు అడుగుదాం.

ఈ పాఠం నేను 600 రూపాయలు కట్టి నేర్చుకున్నాను. తిరుపతిలో ఒక పాత సామాన్ల అంగడిలో ఆ బొమ్మ కార్డు కనబడింది. గోధుమరంగు ఫోటో, పసుపెక్కిన అంచులు, శేషాచలం కొండ, దాని మీద మెలికలు తిరిగే దారి. 'బ్రిటిషోళ్ల కాలంది సార్, మా అబ్బ పెట్టెలో ఉండె' అన్నాడు అంగడాయన. నేను బేరం కూడా సరిగా ఆడలేదు. ఇంటికొచ్చి ట్యూబులైటు కింద చూస్తే ఒక మలుపులో బస్సు ఉంది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు వచ్చిందే 1944లో. సరేలే, 1944కీ 1947కీ మధ్యదై ఉంటుంది, మూడేళ్లయినా అది బ్రిటిష్ కాలమే కదా అని సర్దిచెప్పుకున్నాను. అప్పుడు వెనక్కి తిప్పాను. చిరునామా గీతల కింద వరసగా ఆరు గళ్లు! పిన్‌కోడు గళ్లు. మన దేశంలో పిన్‌కోడు మొదలైంది 1972 ఆగస్టు 15న. ఇక ఆ గోధుమరంగు ఎండకు వచ్చిందో, టీ నీళ్లలో ముంచితే వచ్చిందో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి.

అందుకే ఇవాళ్టి పద్ధతి ఇది: కార్డు చేతికి రాగానే బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పండి. బొమ్మ మనసు లాగేస్తుంది. లాగాక మనం చూసేదంతా మనకు కావలసినట్టే కనబడుతుంది.

వెనకవైపు మొదట వెతకాల్సింది నడుమ నిలువు గీత. తొలినాళ్ల బొమ్మ కార్డుల్లో వెనకవైపంతా చిరునామాకే. కబురు రాయాలంటే బొమ్మవైపు మిగిలిన తెల్లని జాగాలో ఇరికించాల్సిందే. ఆకాశం మీదా, గోపురం పక్కనా చీమల బారులా రాసిన కార్డులు మీకు తగిలితే కారణం అదే. వెనకవైపును రెండుగా చీల్చి ఎడమ సగంలో కబురు రాయడానికి బ్రిటన్ 1902లో ఒప్పుకుంది, అమెరికా 1907లో. మన ఊళ్ల బొమ్మలున్న ఆనాటి కార్డులు చాలావరకు జర్మనీలోనో బ్రిటన్‌లోనో అచ్చయి ఓడల్లో వచ్చినవే, కాబట్టి మన కార్డులూ దాదాపు అదే దారి పట్టాయి. గీత లేకపోతే 1907కు ముందుదని, ఉంటే 1902 తర్వాతదని పెన్సిలుతో రాసుకోండి. ఇది మొదటి అంచనా మాత్రమే. గీత లేని పాత సరుకు అంగట్లో మిగిలిపోతే ఎవరూ పారేయరు కదా, తర్వాత ఎన్నేళ్లయినా అమ్ముతారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, దీన్ని నిదానంగా చదవండి. ఒక్కో కార్డుకు మూడు వయసులుంటాయి. ఫోటో తీసిన ఏడు ఒకటి, కార్డు అచ్చయిన ఏడు ఒకటి, ఎవరో దాన్ని పోస్టు డబ్బాలో వేసిన ఏడు ఒకటి. ఈ మూడూ ఒకటే కావాలని లేదు. 1900లో తీసిన ఫోటోతో 1908లో కార్డు వేసి ఉండొచ్చు, దాన్ని ఎవరో 1925లో పోస్టు చేసి ఉండొచ్చు. ముద్ర మీద 1925 చూసి, బొమ్మలోని వీధి 1925లో అలా ఉందనుకుంటే పప్పులో కాలేసినట్టే. ముద్ర చెప్పేది ఒక్కటే: ఆ తేదీ నాటికి ఈ కార్డు పుట్టి ఉంది. నోటుబుక్కులో మూడు వయసులకు మూడు గళ్లు గీసుకోండి. తెలియని గడిని ఖాళీగా వదిలేయండి, ఊహతో నింపొద్దు.

స్టాంపు ఉంటే పని సులువు. ఎడ్వర్డ్ రాజు 1901 నుంచి 1910 దాకా, ఐదో జార్జి 1910 నుంచి 1936 దాకా. ఇద్దరికీ గడ్డాలున్నాయి, తొందరలో ఒకరిని ఒకరనుకుంటాం. ఆరో జార్జికి గడ్డం లేదు. పైసల లెక్కా సాక్ష్యం చెబుతుంది. 1879 జూలైలో మన తపాలావాళ్లు మొదటి కార్డు తెచ్చినప్పుడు దేశం లోపల ఎక్కడికైనా కాణీ, అంటే అణాలో నాలుగో వంతు. ఆ ధర 1922 దాకా కదల్లేదు, ఆ ఏడు అర్ధణా అయింది. స్టాంపు మీద నయా పైసలుంటే అది 1957 ఏప్రిల్ తర్వాతదే. కొన్ని కార్డుల్లో స్టాంపు అంటించే గడిలోనే రేటు అచ్చేసి ఉంటుంది. స్టాంపుల పిచ్చి ఉన్న పిల్లలు కార్డును నీళ్లలో నానబెట్టి స్టాంపు ఊడబీక్కున్నా ఆ అక్షరాలు మిగులుతాయి. (నేనూ ఒకప్పుడు ఆ పిల్లల్లో ఒకణ్ణే. ఎన్ని కార్డులు పాడుచేశానో లెక్కపెట్టలేదు.)

తర్వాత అచ్చువేసినవాళ్ల పేరు. మన వైపు కార్డుల్లో మద్రాసు హిగ్గిన్‌బాథమ్స్, వీలే అండ్ క్లైన్ పేర్లు చూస్తారు. బొంబాయి క్లిఫ్టన్ కార్డులూ దొరుకుతాయి. రంగుల్లో నూనె చిత్రంలా మెరిసే కార్డు అయితే లండన్ రఫేల్ టక్‌వాళ్ల ఆయిలెట్ కావచ్చు, అవి 1903లో మొదలయ్యాయి. 1940 డిసెంబరు 29న లండన్ మీద పడిన బాంబులకు టక్‌వాళ్ల భవనం తగలబడి అసలు చిత్రాలు, రికార్డులు పోయాయి. వాళ్లు ఏమేం వేశారన్నది ఇప్పుడు సేకరించేవాళ్లు చేతిలో ఉన్న కార్డులు చూసి కూడబెడుతున్నారు. చివర్న చిన్న అక్షరాల్లో 'ప్రింటెడ్ ఇన్ జర్మనీ' అనో 'సాక్సనీ' (జర్మనీలో ఒక ప్రాంతం) అనో ఉంటే 1914కు ముందుదనుకోవచ్చు. ఆ ఏడు యుద్ధం వచ్చి ఆ సరుకు ఆగిపోయింది.

ఇక మన జిల్లావాళ్లకు మాత్రమే దక్కిన ఒక సులువు. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. కాబట్టి చిరునామాలో 'చిత్తూరు, నార్త్ ఆర్కాట్' అని ఉంటే చెవులు నిక్కబొడుచుకోవాలి. అలాగే 'మద్రాసు రాష్ట్రం' అన్నది 1953 అక్టోబరుకు ముందు మాట, 'ఆంధ్రప్రదేశ్' 1956 నవంబరు తర్వాతది. అయితే మనుషుల చెయ్యి గెజిట్ చూసి రాయదు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చిందా? మా వీధిలో ఇప్పటికీ సగం మంది చిరునామాలో చిత్తూరు జిల్లా అనే రాస్తారు. 1911లోనూ జనం ఇంతే. చేత్తో రాసిన చిరునామాకు నాలుగైదేళ్లు అటూ ఇటూ వదలండి. అచ్చులో ఉన్న ఊరి పేరుకు మరికొంచెం విలువివ్వండి.

నా దగ్గరున్న ఒక కార్డు మీద ఈ లెక్కలన్నీ వేసి చూద్దాం. బొమ్మ వేలూరు కోట కందకం. తిప్పాను. నడుమ గీత ఉంది: 1902 తర్వాత. కింద 'సాక్సనీ': 1914కు ముందు. స్టాంపు లేదు, గడిలో 'క్వార్టర్ అణా' అని అచ్చు: 1922కు ముందు. ఇది కొత్తగా చెప్పిందేమీ లేదు గానీ, సాక్సనీ మాటకు అడ్డు రాలేదు. చిరునామా 'చిత్తూరు, నార్త్ ఆర్కాట్'. ముద్రలో సగం స్టాంపుతో పాటే పోయింది, మిగిలిన సగంలో తేదీ ఉంది గానీ ఏడు లేదు. కబురు తెలుగులో రెండే వరసలు: 'క్షేమంగా చేరితిమి. బిడ్డకు జ్వరము తగ్గెను.' మూడు గళ్లలో ఏం రాశానంటే: ఫోటో ఖాళీ. అచ్చు 1902–1914. పోస్టు చేసింది బహుశా 1911కు ముందు, లేదా ఆ తర్వాత కొద్ది ఏళ్లకు. అంతకన్నా దగ్గరగా రాయడానికి నాకు చెయ్యాడలేదు. రాసినా ఎవరూ అడగరు, కానీ రేపు నా పుస్తకం చూసేవాళ్లు దాన్నే నిజమనుకుంటారు.

పాతదని చూపించే కొత్త అచ్చులు కూడా తిరుగుతున్నాయి. దొంగనోట్లు పట్టడానికి అంగళ్లలో వాడే నీలి లైటు ఒకటి కొనుక్కోండి. కాగితం తెల్లగా కనబడాలని కలిపే రసాయనం 1950 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చింది. అది కలిసిన కాగితం ఆ లైటు కింద నీలంగా మెరుస్తుంది. ఎడ్వర్డ్ కాలపు కార్డు అలా మెరిస్తే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ఇంతగా పాతవాటి గురించి చెప్పానని కొత్తవాటిని తోసేయొద్దు. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలింది. ఇప్పుడున్నది 2017లో కుంభాభిషేకం జరిగిన కొత్త గోపురం. ఎనభైల్లో, తొంభైల్లో గుడి వీధిలో దేవుడి పటాల పక్కన అమ్మిన చవక రంగు కార్డుల్లో ఉన్నది ఆ పాత గోపురమే. రంగులు కాస్త గాఢంగా, నీలం మరీ ఎక్కువగా ఉంటాయి, అయినా నేను ఒక్కటీ వదలను. నా 600 రూపాయల కార్డు కూడా ఇప్పుడు ఆ వరసలోనే ఉంది, గడిలో '1972 తర్వాత' అని రాసి పెట్టాను.

ఇంటిపని: ఇంట్లో ట్రంకుపెట్టెలో, అవ్వ పెళ్లి పత్రికల కట్టలో వెతికి ఏదో ఒక కార్డు తీయండి. బొమ్మ లేని మామూలు తపాలా కార్డయినా పనికొస్తుంది. బొమ్మ ఉంటే దాని మీద ఒక తెల్లకాగితం కప్పి, వెనకవైపు మాత్రమే చూసి మూడు గళ్లూ నింపండి. తర్వాతే కాగితం తీయండి. వచ్చే పాఠానికి పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం కావాలి, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునేది చాలు. దానితో అచ్చు చుక్కలనూ అసలు ఫోటోనూ విడదీద్దాం.