ఫ్లాప్ తప్పిన ఆసు-రాజు: సంక్రాంతి పేకాటకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

సంక్రాంతి సెలవులకు బెంగళూరు నుంచి, చెన్నై నుంచి పిల్లలు తిరుపతికి చేరుకోగానే భోగి రాత్రికే ఇళ్లలో పేకముక్కలు బయటికి వస్తాయి. కనుమనాడు రంగంపేట పశువుల పండగ చూసి వచ్చినవారు కూడా కలిశాక ఆట మరింత జోరందుకుంటుంది. ఇదివరకు రమ్మీ ఆడిన చోటే ఇప్పుడు కుర్రవాళ్లు పోకర్ (చేతికి రెండు ముక్కలు పంచి, బల్ల మీద ఐదు ముక్కలు పరిచే ఆట) ఆడుతున్నారు, పెద్దవాళ్లు కూడా ఆసక్తిగా నేర్చుకుంటున్నారు. ఇలా కొత్తగా కూర్చునేవారు అన్నిటికంటే ముందు సిద్ధపడవలసిన సందర్భం ఒకటుంది. చేతికి ఆసు-రాజు, ఆసు-రాణి వంటి పెద్ద ముక్కలు వచ్చి, బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కల్లో, అంటే ఫ్లాప్‌లో, వాటికి జత పడకపోవడమే ఆ సందర్భం. చెత్త ముక్కలను ఎవరైనా మొదటే పారేస్తారు కాబట్టి వాటితో పోయేది తక్కువ. మంచి ముక్కలన్న నమ్మకంతో చివరిదాకా పట్టుకుని కూర్చున్నప్పుడే ఎక్కువ పోతుంది.

ఆట లెక్కలకు వెళ్లే ముందు చట్టం సంగతి తెలుసుకోవాలి. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. కనుక యాప్‌ల జోలికి పోవద్దు, ఇంట్లో కూడా డబ్బు పెట్టవద్దు. తలా 200 చింతగింజలు పంచుకుని, అవి అయిపోయినవారు ఆ ఆట ముగిసేదాకా పక్కన కూర్చోవాలని ముందే నియమం పెట్టుకుంటే చాలు, ఒక్కొక్క గింజకూ విలువ వస్తుంది. అడిగినప్పుడల్లా మళ్లీ గింజలు ఇచ్చే బల్ల దగ్గర ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

జత కాని ఏ రెండు ముక్కలు చేతిలో ఉన్నా, ఫ్లాప్‌లో వాటిలో కనీసం ఒకదానికి జత పడే అవకాశం సుమారు 32 శాతం మాత్రమే. అంటే మూడుసార్లలో రెండుసార్లు ఆసు-రాజు ఫ్లాప్ తప్పుతుంది. అది దురదృష్టం కాదు, ఆట స్వభావమే అంత. వరసగా ఐదుసార్లు తప్పే అవకాశం కూడా దాదాపు 14 శాతం ఉంటుంది. దీన్ని ముందే మనసుకు ఎక్కించుకున్నవారు మూడోసారి తప్పినప్పుడు పంతానికి పోరు. ఆసు-రాజు దున్ని సిద్ధం చేసిన మడి వంటిదే తప్ప చేతికొచ్చిన పంట కాదు. ఎదుటివారి చేతిలో చిన్న 2ల జత ఉన్నా, ఫ్లాప్ తప్పిన క్షణంలో వారే ముందున్నారు.

ఫ్లాప్ తప్పగానే చేయవలసిన మొదటి పని బల్ల చుట్టూ చూసి, ఇంకా ఆటలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం. ఎదురుగా ఒక్కరే ఉంటే ఆయనకు కూడా జత పడకపోయే అవకాశమే ఎక్కువ. ముగ్గురు ఉంటే ఆ ముగ్గురికీ తప్పే అవకాశం సుమారు 31 శాతానికి పడిపోతుంది, చేతిలోనే జతలు ఉన్నవారిని కలుపుకుంటే అది ఇంకా తగ్గుతుంది. పండగ బల్ల దగ్గర ఎవరూ మొదట్లో ముక్కలు పారేయరు గనుక ఐదారుగురు ఫ్లాప్ చూడటం మామూలే. అలాంటప్పుడు ఆసు-రాజుతో బెదిరించి గెలవాలనుకోవడం గింజలు దానం చేయడమే అవుతుంది. చెక్ చెప్పి (గింజలు పెట్టకుండా వంతు దాటించి), ఎవరైనా గట్టిగా బెట్ చేస్తే (పందెం పెడితే) ఫోల్డ్ చేయడం, అంటే ముక్కలు పారేయడం, మేలు. అసలు ఫ్లాప్‌కు ముందే తగినంత రెయిజ్ చేసి (పందెం పెంచి), ఎదురు ఒకరో ఇద్దరో మాత్రమే మిగిలేలా చూసుకోవడం ఇంకా మంచి జాగ్రత్త.

ఎదుటివారు ఒక్కరే ఉన్నప్పుడు ఆ మూడు ముక్కలు ఏమిటన్నది తేల్చి చెబుతుంది. రాణి, 7, 2 మూడు వేర్వేరు రంగుల్లో (ఇస్పేటు వంటి గుర్తుల్లో) పడితే అది ఎవరికీ అంతగా కలిసిరాని ఫ్లాప్. ఫ్లాప్‌కు ముందు రెయిజ్ చేసింది మీరే గనుక, పాట్‌లో, అంటే అందరూ పెట్టిన గింజల కుప్పలో, మూడో వంతు బెట్ చేస్తే ఎదుటివారు నమ్మి వదిలేయడానికి ఆస్కారం ఉంటుంది. 9, 8, 7 పడి, వాటిలో రెండు ఒకే రంగువైతే, మీ రెయిజ్‌కు కాల్ చేసినవారి (సమానంగా గింజలు పెట్టి ఆటలో నిలిచినవారి) దగ్గర ఉండే ముక్కలకే అది సరిగ్గా అతుకుతుంది, అక్కడ ఆగిపోవాలి. బెట్ ఎంత చేయాలన్నదీ ఊహకు వదిలేసే సంగతి కాదు. పాట్‌లో 100 గింజలు ఉన్నప్పుడు 33 బెట్ చేస్తే, ఎదుటివారు నాలుగుసార్లలో ఒకసారి వదిలేసినా నష్టం ఉండదు. 50 పెడితే మూడుసార్లలో ఒకసారి, 100 పెడితే రెండుసార్లలో ఒకసారి వదిలేయాలి. ముక్క పడనప్పుడు కోపంతో పెద్ద బెట్ చేసేవారు ఈ లెక్కను తలకిందులు చేసుకుంటున్నారు. వారు ఎక్కువ పెట్టి, ఎక్కువసార్లు గెలవవలసిన స్థితిని తమకు తామే తెచ్చుకుంటున్నారు.

తరువాత జత పడుతుందిలే అన్న ఆశకు కూడా కొలత ఉంది. మిగిలిన మూడు ఆసులు, మూడు రాజులు కలిపి ఆరు ముక్కలు. నాలుగో ముక్కగా, అంటే టర్న్‌లో, వాటిలో ఒకటి పడే అవకాశం సుమారు 13 శాతం, రివర్ దాకా, అంటే ఐదో ముక్క దాకా, రెండు ముక్కలూ చూస్తే 24 శాతం. పాట్ అంత బెట్‌కు కాల్ చేయాలంటే 33 శాతం గెలుపు అవకాశం కావాలి గనుక, ఆరు ముక్కల ఆశ ఒక్కటే చాలదు. పైగా ఆ ఆరూ మీవేనన్న భరోసా లేదు. ఫ్లాప్ 9, 5, 2 అయి, ఎదుటివారి చేతిలో రాజు-9 ఉంటే, మీరు ఎదురుచూసిన రాజే వారికి రెండు జతలు చేసిపెడుతుంది. ఆసు-రాణి, ఆసు-జాకీ పట్టుకున్నవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఎదుటివారి దగ్గర ఆసు-రాజు ఉన్నప్పుడు టర్న్‌లో పడే ఆసు సంతోషపెట్టినట్టే పెట్టి ఉన్న గింజలన్నీ ఊడ్చుకుపోతుంది.

తప్పిన ఫ్లాపులన్నీ ఒకటి కావు. రాణి, జాకీ, 4 పడితే ఆసు-రాజుకు 10 నుంచి ఆసు దాకా వరస పూర్తిచేసే నాలుగు 10లు కూడా కలిసి పది ముక్కలు అవుతాయి, రివర్ దాకా వాటిలో ఒకటి పడే అవకాశం 38 శాతం. చేతిలోని రెండూ ఇస్పేటు అయి, ఫ్లాప్‌లో రెండు చిన్న ఇస్పేట్లు పడితే ఒకే రంగు ఐదు ముక్కలు పూర్తిచేసే తొమ్మిది ఇస్పేట్లు, ఆరు పెద్ద ముక్కలు కలిపి పదిహేను, అంటే 54 శాతం. ఇలాంటి చోట ధైర్యంగా బెట్ చేయాలి, కాల్ కూడా చేయవచ్చు. బెదిరింపు ఫలించకపోయినా మీ చేతిలో ఇంకా ఆట మిగిలి ఉంటుంది.

మీ తరువాత ఎదుటివారు ఆడవలసి ఉందా, మీరే ఆఖరా అన్నది కూడా గమనించాలి. ఆఖరున ఆడేవారు ఎదుటివారి చెక్ చూశాక నిర్ణయం తీసుకోగలరు, కావాలంటే తామూ చెక్ చెప్పి టర్న్ ముక్కను ఉచితంగా చూడగలరు. ముందు ఆడేవారికి ఆ వీలు లేదు గనుక వారు ఇంకా తక్కువసార్లు బెట్ చేయాలి.

ఫ్లాప్‌లో చేసిన బెట్‌కు కాల్ వచ్చాక, టర్న్‌లో కొత్త ఆధారమేదీ పడకపోతే రెండో బెట్ చేయవద్దు. మన ఇళ్లలో ఆడేవారు ఒకసారి కాల్ చేశారంటే జతను వదిలే రకం కాదు, వారిని రెండోసారి బెదిరించి లాభం లేదు. మీ బెట్ మీద రెయిజ్ వస్తే, పైన చెప్పిన అదనపు ముక్కలు లేనంతవరకు ఆసు-రాజును అక్కడే దించేయాలి. ఎదురుగా ఉన్నది బావ అయినా బావమరిది అయినా, నవ్వుతూ రెచ్చగొట్టినా, ఆ ఫోల్డ్‌లో చిన్నతనం ఏమీ లేదు.

టర్న్‌లో ఇద్దరూ చెక్ చెప్పి, రివర్‌లోనూ ఎదుటివారు చెక్ చెబితే మీరు కూడా చెక్ చెప్పి ముక్కలు చూపించండి. అక్కడ బెట్ చేస్తే మీకంటే చిన్న ముక్కలు ఉన్నవారు వదిలేస్తారు, జత ఉన్నవారు మాత్రం కాల్ చేస్తారు. ఎదుటివారికి కూడా అంతా తప్పి ఉంటే, జత లేని ఆసు-రాజు మరో గింజ పెట్టకుండానే ఆ పాట్ గెలుస్తుంది.