మధ్యాహ్నం తేలే చేపలు: సున్నం బస్తా విప్పే ముందు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో బోరు నీళ్లతో నింపిన కుంటల్లో బొచ్చె, రోహు పెంచుతున్నవాళ్ల కోసం ఇది. దాణా వేయడం, వల లాగడం తెలిసినవాళ్లే కాబట్టి ఆ సంగతుల జోలికి పోవడం లేదు.

తెల్లారుజామున పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే

ఆక్సిజన్ చాలడం లేదు, అంతే. ఉదయం పదింటికి మీటరు ముంచి "ఆరుంది, ఇబ్బంది లేదు" అంటారు. అప్పటికే ఎండకు నీటిలోని పాచి ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టి ఉంటుంది, ఆ అంకెలో రాత్రి జరిగింది కనిపించదు. తెల్లారుజామున ఐదింటికి కొలవండి. లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపుంటే ఆ పూట దాణా ఆపి, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్ రాత్రంతా తిప్పండి. బోరు నీళ్లు వదిలితే ఎత్తు నుంచి జల్లులా పడాలి. లోతు బోరు నీళ్లలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, పైపును కుంటలో ముంచితే ఉన్నదీ పలచబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టిన రోజుల్లో మరింత జాగ్రత్త.

పొద్దున బాగుండి, మధ్యాహ్నం రెండు మూడింటికి మందగిస్తే

అందరినీ ముంచేది ఇదే. ఆక్సిజన్ 10 దాటి ఉంటుంది, నీళ్లు పచ్చగా కళకళలాడతాయి, అయినా చేప మేత ముట్టదు, గట్టు పక్కన తూలుతుంది. "నీళ్లు చెడ్డాయి" అని కాల్చిన సున్నం చల్లుతారు. మర్నాటికి చావులు పెరుగుతాయి.

కారణం అమ్మోనియా. నీటి పరీక్ష కిట్టు చూపేది మొత్తం అమ్మోనియా, అందులో విషమయ్యే భాగం నీళ్ల ఆమ్ల, క్షార గుణం చూపే అంకె అయిన పీహెచ్‌ని బట్టి మారుతుంది. 1975లో ఎమర్సన్ అనే శాస్త్రవేత్త బృందం ప్రచురించిన పట్టిక ప్రకారం 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.5 ఉంటే విష భాగం సుమారు 2.5 శాతం, 8.5కి 20 శాతం, 9కి 45 శాతం. అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము అమ్మోనియా పొద్దున 0.025 విషం, మధ్యాహ్నం 0.45. ఈ విష భాగం 0.05 లోపు ఉండాలి. పాచి పగలు బొగ్గుపులుసు వాయువు లాగేసుకుంటుంది కాబట్టి పీహెచ్ ఎగబాకుతుంది. కాల్చిన సున్నం దాన్ని ఇంకా పైకి నెడుతుంది.

కాబట్టి పీహెచ్ పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూడండి, అమ్మోనియా మూడింటికే చూడండి. మోచేతి దాకా చెయ్యి ముంచండి, అరచేయి కనిపించకపోతే పాచి మితిమీరినట్టే. రెండు పూటల పీహెచ్ తేడా ఒకటి దాటినా అంతే.

ముందు దాణా రెండు రోజులు ఆపండి. అమ్మోనియాకి మూలం మాంసకృత్తులే, వేరుశనగ చెక్క ఎక్కువ వేసినచోట ఇది త్వరగా వస్తుంది. అడుగు నీళ్లు పావు వంతు తోడి, కొత్తవి జల్లుగా నింపండి. పాచి మందు మాత్రం కొట్టొద్దు. చచ్చిన పాచి కుళ్లి ఆక్సిజన్ తింటుంది, అమ్మోనియా మళ్లీ పుడుతుంది.

ఏరేటర్ ఉంటే బెల్లం పనిచేస్తుంది, చిత్తూరులో దానికి కరువు లేదు. 1999లో యోరమ్ అవ్నిమెలెక్ అనే శాస్త్రవేత్త వేసిన లెక్కలో 1 గ్రాము అమ్మోనియా నత్రజనిని బాక్టీరియా కట్టేయడానికి 20 గ్రాముల పిండి, చక్కెర పదార్థం కావాలి. మీటరు లోతున్న ఎకరం కుంటలో సుమారు 4000 ఘనమీటర్ల నీళ్లు. అందులో లీటరుకు 1 మిల్లీగ్రాము తగ్గించాలంటే 4 కిలోల నత్రజని, అంటే 80 కిలోల చక్కెర, బెల్లమైతే 90-95 కిలోలు. నాలుగు రోజులకు పంచి, కరిగించి, పొద్దునే చల్లండి. ఏరేటర్ లేకపోతే ఆ మాటే వద్దు, రాత్రికి ఆక్సిజన్ పడిపోతుంది.

పీహెచ్ మళ్లీ మళ్లీ 9 దాటుతుంటే బోరు నీళ్లకు క్షారత (కార్బొనేట్ల పాలు), కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం పాలు) రెండూ పరీక్ష చేయించండి. కాఠిన్యం క్షారత కంటే తక్కువగా ఉంటే అసలు దోషం అక్కడే. వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు వేసే జిప్సమే దీనికి మందు. లీటరుకు మిల్లీగ్రాముల్లో ఆ రెంటి తేడా ఎంతో దాన్ని 7తో గుణిస్తే ఆ ఎకరం కుంటకు కిలోలు వస్తాయి. తేడా 50 అయితే 350 కిలోలు, విడతలుగా. పీహెచ్ నిదానంగా దిగుతుంది, రాత్రికి రాత్రి మారదు.

మిగతావి

మొప్పలు గోధుమరంగుకు తిరిగితే నీళ్లలో నైట్రైట్ విషం ఉన్నట్టు, ఉప్పు వేయాలి. అడుగు బురద నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనొస్తే చేపలు పట్టేశాక కుంటను ఎండగట్టండి. చేపలతో పాటు కప్పలు, నీటి పురుగులు ఒకే పూట చస్తే పక్క మామిడి తోటలోనో టమాటా మడిలోనో ఏం పిచికారీ చేశారో ముందు అడగండి.