ఇంగ్లీషు ప్రసంగంలో పరుగు ఆపే గీతలు

ఇంగ్లీషులో నలుగురి ముందు మాట్లాడాలంటే తడబాటు కంటే నా వేగమే నన్ను ఎక్కువ బాధపెట్టేది. టెన్షన్‌లో మూడు నిమిషాల ప్రసంగం రెండు నిమిషాల్లోపే అయిపోయేది, కళ్లు కాగితం మీదే ఉండిపోయేవి.

ఇప్పుడు మూడు నిమిషాలకు 330 మాటలకు మించి రాయడం లేదు. అర్థం ఒక కొలిక్కి వచ్చిన ప్రతిచోటా, అంటే 5 నుంచి 8 మాటలకోసారి, పెన్సిల్‌తో నిలువు గీత పెడతాను. ప్రతి ముక్కలో ముఖ్యమైన ఒక్క మాట కింద గీత గీస్తాను. ఆ మాటను కాస్త సాగదీసి గట్టిగా పలకాలి. నిలువు గీత రాగానే నోరు మూసి, తల ఎత్తి, ఎదురుగా ఉన్న ఒకరి ముఖం చూసి, ఊపిరి తీసుకుని ముందుకెళ్లాలి. ఆ విరామం మనకు చాలాసేపు అనిపిస్తుంది కానీ, వినేవాళ్లు మన యాసను అందుకునేది అక్కడే.

తర్వాత ఫోన్‌లో వీడియో తీసుకుని ఒకసారి శబ్దం ఆపేసి చూడండి. చేతులు, చూపు ఏం చేస్తున్నాయో అప్పుడే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. విడదీయకూడని మాటల మధ్య గీత పడితే, ఉదాహరణకు ‘ఇన్ ద’ అని ఆగి ‘మార్నింగ్’ అంటే, పరుగెత్తినప్పటికంటే ఎక్కువ గందరగోళం అవుతుంది.